కరీముల్లా జల్లెడ యంత్రం

కరీముల్లా ఇంట్లో ఇత్తడి చెంబు కనపడకపోతే పెరట్లో తవ్వి చూసుకోవాలి. ఇది నేను ఎగతాళికి రాయడం లేదు. మాచర్లలో పధ్నాలుగేళ్లపాటు వాళ్ల ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. పొద్దున్నే ఆయన భార్య మున్నీ గునపం పట్టుకుని పెరట్లో నిలబడి, "చెంబు యాడ పూడ్చావయ్యా? పాలామె వచ్చి అరగంటయింది!" అని అరవడం, లోపల్నుంచి ఆయన, "జామచెట్టు కాడ, జానెడున్నర లోతు. తవ్వబాక, ఉండు, ఇంకా పుస్తకంలో ఎక్కలా" అనడం నా చెవులతో నేను విన్నదే. ఆ పుస్తకంలో ఎక్కించేవాణ్ణి నేనే కాబట్టి, పాలు ఆలస్యమైన పాపంలో నాకూ వాటా ఉంది.

నేను అప్పట్లో బోర్డు స్కూల్లో పంతులుని. కరీముల్లాకి బజార్లో చిన్న రిపేరు కొట్టు ఉండేది. రేడియోలు, టార్చిలైట్లు, పెట్రోమాక్స్ దీపాలు, తాళాలు. అది పొట్టకోసం. మనిషి ప్రాణం మాత్రం ఇంకోచోట ఉండేది. నేలలో ఉన్న లోహాన్ని మోతతో పట్టిచ్చే యంత్రాలు ఆయన దగ్గర మొదట ఒకటి, ఆ తర్వాత రెండు, చివరికి మూడు అయ్యాయి. వాటిలో ఏది ఎంత లోతుకి పలుకుతుంది, ఏ నేలలో నోరు మూసుకుంటుంది, ఏది నిజం చెబుతుంది, ఏది ఊరికే మొత్తుకుంటుంది, ఇది తేల్చడమే ఆయనకి సరదా. ఊళ్లో తక్కిన మగాళ్లు పేకాడుకునేవాళ్లు. ఈయన చెంబులు పూడ్చుకునేవాడు.

పుట్టింది గురజాలలో. తండ్రి నాల్బందు, అంటే ఎద్దుల గిట్టలకి ఇనుప లాడాలు కొట్టేవాడు. సంతల వెంట, బండ్ల దారుల వెంట, కృష్ణ ఒడ్డు దాకా తిరిగేవాడట. ఎద్దుని పడేసి కాళ్లకి తాడు బిగించాక అది కొమ్ములాడించకుండా తల అదిమి పట్టుకోవడం కరీముల్లా చిన్నప్పటి ఉద్యోగం. నలభై ఒకటిలో పటాలంలో చేరాడు. బెంగుళూరులో పని నేర్పి బర్మాకి పంపారు. అక్కడ శత్రువులు భూమిలో పాతిన మందుపాతరలని వెతకడం ఆయన వంతు. మూడేళ్లు అదే పని. ఆ మూడేళ్ల గురించి ఎప్పుడడిగినా, "ఏముంది మేష్టారూ, నడిచా. నెమ్మదిగా నడిచా" అనేవాడు. అంతకుమించి నోరు విప్పితే ఒట్టు.

నలభై ఆరులో ఇంటికొచ్చాడు. పెళ్లయింది, కొట్టు పెట్టాడు, గెడ్డం నెరిసింది. కానీ చూపు మాత్రం నేలమీదనుంచి లేవలేదు. యాభై రెండులో మద్రాసు వెళ్లి, యుద్ధం అయ్యాక పటాలం వాళ్లు పాత సామాను కింద అమ్మేసిన అమెరికా యంత్రం ఒకటి రైల్లో వేసుకొచ్చాడు. ఒక పొడుగాటి కర్ర, కర్ర చివర పీటంత గుండ్రటి పలక, భుజానికి బరువైన పెట్టె, చెవులకి తగిలించుకునే రెండు డబ్బాలు. పలకని నేలకి ఆనకుండా పైపైన ఆడిస్తూ నడిస్తే చెవిలో సన్నగా మోగుతూ ఉంటుంది. కింద లోహం ఉంటే ఆ మోత మారుతుంది. అయిదేళ్ల తర్వాత సికిందరాబాదులో పాతసామాను కొట్టునుంచి ఇంగ్లీషు వాళ్ల యంత్రం తెచ్చాడు. దాని పలక కోలగా, తేలిగ్గా ఉండేది. అది గుమ్మంలో దిగిన రోజున మున్నీ మా ఆవిడతో, "సవితిని తెచ్చుకున్నా ఇంత బాధ ఉండేది కాదొదినా. సవితి అంట్లయినా తోమేది" అంది.

ఇలాంటి యంత్రం ఒకరి దగ్గరుందంటే పల్నాడులో జనం ఊరుకుంటారా? ఇక్కడ ప్రతి దిబ్బ కిందా లంకెబిందెలున్నాయని ప్రతివాడి తాతా చెప్పిపోయాడు. ఒక పెద్ద రైతు బండి కట్టించి కరీముల్లాని పాత కోట దిబ్బకి తీసుకెళ్లాడు. వేడుక చూద్దామని నేనూ వెళ్లాను. సగం రోజు వెతికితే దొరికినవి ఒక మొండి కొడవలి, మూకుడు పిడి, అరముక్క లాడం. రైతుకి ఒళ్లు మండిపోయింది. "బంగారం ఉంటే చెప్పలేదా నీ మిషను?" అన్నాడు. "ఉన్నదే చెబుద్దండీ. తమరు ఉండాలనుకున్నది చెప్పదు" అన్నాడు కరీముల్లా. తిరుగు ప్రయాణానికి బండి లేదు. అయిదు మైళ్లు ఆ పెట్టె మోసుకుంటూ నడిచాం. దారి పొడుగునా నేను ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ఆయన మాత్రం ఆ కొడవలి ఎంత లోతులో పలికిందో మర్చిపోకముందే రాయమని నా వెంటపడ్డాడు.

ఆ పుస్తకం వంద పేజీల స్కూలు నోటుబుక్కు. వస్తువు ఏది, లోతెంత, నల్లరేగడా సుద్దనేలా, తడా పొడా, ఏ యంత్రం ఎలా మోగింది, ఇవన్నీ వరసగా రాయించేవాడు. ఇన్నేళ్లు రాశాక ఆ యంత్రాల గుణాలు నాకూ నోటికొచ్చాయి. అమెరికాది మాట మీద నిలబడే మనిషి లాంటిది, పలికిందంటే కింద ఏదో ఉన్నట్టే. కానీ చెంబంత వస్తువుకి జానెడున్నర దాటితే చెవుడు. పైగా బ్యాటరీలు తినేస్తుంది. ఇంగ్లీషుది సూది పడినా వింటుంది. కానీ లోతుకి పనికిరాదు, వాన కురిసిన నల్లరేగడిలో కింద ఏమీ లేకపోయినా తనలో తను మూలుగుతూ ఉంటుంది.

సరంజామా సంగతి ఇంకో రామాయణం. అమెరికా చెవిడబ్బాలకి రబ్బరు మెత్తలు. రోహిణీ కార్తెలో అవి పెట్టుకుంటే చెవులు ఉడికిపోతాయి. వాటిని పీకేసి పాత లుంగీగుడ్డలో దూది కుట్టి పెట్టాడు. ఒకదాని చెవిడబ్బాలు ఇంకొకదానికి తగిలించి ఎందులో స్పష్టంగా వినపడుతుందో నెలరోజులు చూశాడు. రేకు గొట్టం కర్ర తీసేసి వెదురు బొంగు పెట్టాడు, గొట్టం తనే మోగుతోందని. చెప్పుల్లో మేకులుంటాయని ఆ పని చేసేటప్పుడు ఎండలో వట్టికాళ్లే. వెండి గాజులున్నాయని మున్నీని పది గజాల అవతలే నిలబెట్టేవాడు. ఒకసారి ఏమీ లేనిచోట యంత్రం గగ్గోలు పెట్టింది. ఆయన డబ్బాలు తీసి నావైపు ఉరిమి చూసి, "మేష్టారూ, జేబులో ఏంది?" అన్నాడు. నా ముక్కుపొడుం డబ్బా. ఆ రోజునుంచి నాకూ పది గజాల శిక్షే.

అరవై అయిదులో మూడోది తనే తయారు చేశాడు. చచ్చిపోయిన చిన్న రేడియోల ట్రాన్సిస్టర్లు ఏరి డబ్బాలో బిగించి, మున్నీ వడ్లు జల్లించుకునే పెద్ద జల్లెడ అడుగు ఊడబీకి, ఆ చట్రం చుట్టూ రాగితీగ చుట్టాడు. మున్నీ వారం రోజులు మాట్లాడలేదు. జల్లెడ యంత్రానికి చిన్న వస్తువులు చెవికెక్కవు, కానీ లోతుకి దాన్ని మించింది లేదు. చెంబు రెండు మూరల లోతున ఉన్నా పలికింది. ఇంకో గుణం కూడా ఉంది. కింద ఇనుముంటే మోత సన్నబడుతుంది, ఇత్తడో రాగో అయితే బొంగురుపోతుంది. ఆ తేడా కరీముల్లా చెవికే తెలిసేది. నాకు రెండూ దోమ మోతే.

ఇదంతా ఎందుకు, ఎవరికి పనికొస్తుంది అని నేను చాలాసార్లు అడిగాను. తెలిసుండటం మంచిదే గదా మేష్టారూ అనేవాడు. నాకు ఒళ్లు మండేది. అరవై ఏడు మే నెలలో కాంతమ్మ వచ్చింది.

కొట్టు తియ్యని శుక్రవారం, నేరుగా ఇంటికే వచ్చి అరుగు కింద నిలబడింది. ముప్ఫై ఏళ్ల మనిషి, సాగర్ డ్యాము పనిలో ఎనిమిదేళ్లుగా తట్ట మోస్తోంది. వాళ్లది ఏటివారపాలెం. డ్యాములో నీళ్లు నిలబెడితే మునిగే ఊళ్లలో అదొకటి. మనుషుల్ని ఎప్పుడో ఖాళీ చేయించి కొత్త కాలనీలో పెట్టారు.

"బాబాయ్, భూమిలో ఇత్తడి ఉంటే మీ మిషను చెబుద్దంట గదా" అంది.

"ఎంత ఇత్తడి? ఎంత లోతు?" అన్నాడు కరీముల్లా. ఎవరు, ఎందుకు అని ముందు అడగడు ఈ మహానుభావుడు. నేనే కూర్చోబెట్టి అడిగాను.

వాళ్లమ్మ పిచ్చమ్మ నలభై మూడులో కలరా తగిలి పోయింది. కాంతమ్మకి అప్పుడు ఏడేళ్లు, ఆమె కూడా జ్వరంతో పడుంది. తండ్రి అంతకుముందే లేడు. పదిహేడేళ్ల అన్న ఏసోబు ఇంకో ఇద్దరితో కలిసి తల్లిని పాలెం సమాధుల దొడ్లో పూడ్చాడు. ఇప్పుడు పాలెం వాళ్లంతా పాస్టరుగారిని వెంటబెట్టుకుని వెళ్లి తమ తమ పెద్దల ఎముకలు తవ్వి తెచ్చుకుని కొత్త కాలనీలో పెట్టుకున్నారు. పిచ్చమ్మ సమాధి ఎక్కడుందో తెలియలేదు. సమాధుల మీద పరిచిన నాపరాళ్లని ఎవరెవరో బండ్లకెత్తుకుపోయారు, గుర్తుగా ఉన్న తాటిచెట్లని నరికేశారు.

"అందరి అమ్మలూ కొత్త కాలనీకొచ్చారు బాబాయ్. మా అమ్మ ఒక్కతే ఆడ ఉండిపోయింది. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం తర్వాత కిందికి ఎవర్నీ పోనియ్యరంట. నీళ్లొచ్చేస్తయ్."

"మరి ఇత్తడేంది?"

"కాళ్ల కడియాలు. చిన్నప్పుడు తొడిగినయ్యి, కాళ్లు ముదిరినాక ఊడి రావు గదా. అట్టానే పూడ్చామని మా అన్న ఇంటికొచ్చి చెప్పాడు. నా బొటనేలంత లావు ఉండేయి."

మా వైపు పాతకాలపు ఆడవాళ్ల సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. పదేళ్ల పిల్లకి ఎక్కించిన కడియం పాతికేళ్లొచ్చేసరికి మడమ దాటి రాదు. ఇక అది మనిషితో పోవలసిందే. కాంతమ్మ తల్లి ముఖం కూడా తనకి సరిగ్గా గుర్తులేదంది. పక్కలో పడుకున్నప్పుడు ఆ కడియాలు చల్లగా తన కాలికి తగలడం గుర్తుందంది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. మున్నీ మజ్జిగ తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

"గొయ్యి ఎంత లోతు తీసుంటారు?" అన్నాడు కరీముల్లా.

"ఆడ మూరన్నర తవ్వితే నాపరాయి తగులుద్ది. అంతకన్నా దిగదు."

"తల్లీ, నేను పరీక్ష చెయ్యకుండా మాటియ్యను. రేపు సాయంత్రం కనపడు" అన్నాడు.

ఆ పరీక్షకి కడియాలు కావాలి. మా వీధి చివర శాంతమ్మ అనే ముసలావిడ కాళ్లకి అచ్చం అలాంటివే ఉన్నాయి. కానీ ఊడి రావు. కరీముల్లా ఆమెని బతిమాలి తెచ్చి పెరట్లో నులక మంచం మీద పడుకోబెట్టాడు. యంత్రానికీ కడియానికీ మధ్య సరిగ్గా మూరన్నర దూరం కొలిచి, మొదట అమెరికా పలకని ఆమె కాళ్లమీద పైనుంచి ఆడించాడు. పలకలేదు. ఇంగ్లీషుదీ పలకలేదు.

"నన్నేందిరా అబ్బాయ్, సోది చెప్పేవోడికి మల్లే కాళ్లమీద తిప్పుతున్నావు?" అంది శాంతమ్మ.

"కదలబాకు అమ్మమ్మా, నీ పుణ్యముంటది."

జల్లెడ యంత్రం తగిలించాడు. కళ్లు మూసుకున్నాడు. రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పి, "బొంగురుపోయింది మేష్టారూ. రాసుకోండి" అన్నాడు. తర్వాత గొయ్యి తీసి చెంబు పూడ్చి మట్టిలో కూడా చూశాడు. పొడినేలలో, తడినేలలో, సుద్ద కలిపి. అన్నిట్లోనూ పలికింది. సాయంత్రం కాంతమ్మ రాగానే, "కడియాలు ఆడ ఉంటే దొరుకుతయ్ తల్లీ. మాట ఇస్తున్నా" అన్నాడు. ఆయన అంత గట్టిగా మాటివ్వడం నేను వినడం అదే మొదటిసారి.

గురువారం కాంతమ్మని వెంటబెట్టుకుని డ్యాము దగ్గరి విజయపురి సౌత్ బస్సెక్కి, అక్కడినుంచి ఏటివారపాలేనికి నడిచి దిగాం. నాకు వేసవి సెలవులు. ఏసోబు మాకోసం దారిలో కాచుకుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, బక్కపల్చగా, తలగుడ్డ కళ్లమీదికి దింపుకుని ఉన్నాడు. చెల్లెలు చెప్పింది కాబట్టి వచ్చానన్నాడు. పలుగు, పార, సున్నం మూట తనే ఎత్తుకున్నాడు.

ఊరు లేదు. మొండిగోడలు, పొయ్యిల మసి మాత్రం మిగిలింది. సమాధుల దొడ్డి అర ఎకరం ఉంటుంది. అక్కడక్కడా తవ్వి వదిలేసిన గోతులు. నీడకి ఒక్క చెట్టు లేదు. అవతల కృష్ణ కనిపిస్తోంది, ఇదివరకున్న చోట కాదు, చాలా దగ్గరికొచ్చి.

"ఏసోబూ, ఏ పక్కన పూడ్చారో గుర్తుందా?" అన్నాడు కరీముల్లా.

"తాటిచెట్టు గుర్తుండేది సాయిబూ. ఇప్పుడది లేదు గదా. అదో, ఆ కొస అనుకుంటా" అని ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు.

కరీముల్లా ఎవరి అనుకోవడాల మీదా పని చెయ్యడు. దొడ్డి మొత్తాన్నీ తాడు పట్టించి రెండేసి గజాల బారులుగా సున్నం గీతలు గీశాడు. ఒక్కో బారు అడుగడుగునా జల్లెడ ఆడిస్తూ నడవడం, అయ్యాక ఆ బారులో సున్నంతో ఇంటూ గుర్తు వెయ్యడం. దాని అర్థం ఇక్కడ వెతికాం, ఏమీ లేదు అని. మొదటి బారు దక్షిణం గట్టున మొదలుపెట్టి మధ్యాహ్నానికి నాలుగు బారులు అయ్యాయి. అయిపోయిన మూడో బారులో నాలుగు కర్రలు పాతి గోనెపట్టా కప్పాను, నీడకి. అన్నాలు తినడానికీ, కాసేపు నడుం వాల్చడానికీ ఆ మూడు రోజులూ అదే మా ఇల్లు.

మొదటి రోజంతా ఇనుమే. దొడ్డి పక్కనే ఏటికి పోయే పాత బండ్ల దారి. యంత్రం సన్నగా కీచుమన్న ప్రతిచోటా తవ్వితే లాడపు మేకులు, అరిగిన లాడాలు. కరీముల్లా ఒక మేకు తీసి గుడ్డకి తుడిచి చూసి పగలబడి నవ్వాడు. "ఈ తలకాయ వంపు చూడండి మేష్టారూ. మా నాయన సుత్తి దెబ్బే ఇది! చచ్చిపోయి ఇరవై ఏళ్లయినా నా పనికి అడ్డం పడుతూనే ఉన్నాడు" అన్నాడు. కాంతమ్మ కూడా నవ్వింది. ఏసోబు నవ్వలేదు. మేము నీడలో సంగటి తింటుంటే అతను ఎండలోనే గట్టుమీద కూర్చుని తిన్నాడు. పిలిచినా రాలేదు. మొండి మనిషిలే అనుకున్నాను.

రెండో రోజు పదింటికి కరీముల్లా ఆగిపోయాడు. చెయ్యెత్తాడు. మోత బొంగురుపోయిందన్నమాట. కాంతమ్మ పరిగెత్తుకొచ్చి నేలమీద మోకాళ్లు వేసింది. చేతులతోనే మట్టి లాగెయ్యబోతే కరీముల్లా ఆపి, తను కత్తిమొనతో కొంచెం కొంచెంగా తీశాడు. మూరెడు లోతున ఎద్దు మెడలో కట్టే గంట దొరికింది. కంచు గంట, చిలుం పట్టి పచ్చగా ఉంది. కాంతమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఆడించింది. నాలుక ఊడిపోయింది, మోగలేదు. పక్కన పెట్టేసి, "పోదాం బాబాయ్, తర్వాత బారు" అంది. ఆమె గుండె గట్టిదనానికి నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

మూడో రోజు శనివారం. పన్నెండున్నరకి ఉత్తరం కొసన ఆఖరి బారు కూడా అయిపోయింది. కరీముల్లా నమ్మలేక బ్యాటరీలు మార్చాడు. మున్నీ దగ్గర్నుంచి తెచ్చిన చెంబు పూడ్చి చూశాడు. పలికింది. యంత్రంలో తప్పు లేదు. అప్పుడు చెవిడబ్బాలు తీసి మెడలో వేసుకుని నీడలోకి వచ్చాడు. నేను అప్పటికే అక్కడ కూర్చుని కాళ్లకి నీళ్లు పోసుకుంటున్నాను. కాంతమ్మ ఎదురుగా నిలబడింది. ఏసోబు గట్టుమీద ఉన్నాడు.

"తల్లీ, ఈ దొడ్లో కడియాలు లేవు" అన్నాడు కరీముల్లా.

"ఇంకొక్కసారి చూడు బాబాయ్."

"నేను మాటిచ్చా. ఉంటే దొరికేయి. లేవు."

 ఆమె అన్నవైపు తిరిగింది.

"అయితే అమ్మని ఈడ పూడ్చలేదన్నమాట" అంది. "కలరా శవాన్ని ముట్టుకోటానికి భయపడి ఏట్లో పడేసొచ్చారు. అంతేగా? ఆ ఏడు చానామందిని అట్టానే పారేశారంట, మా అత్త చెప్పింది. చేపలకి వేశావు మా అమ్మని. ఇన్నేళ్లు నాకు అబద్ధం చెప్పావు. చెప్పరా అన్నా!"

"కాదు" అన్నాడు ఏసోబు.

"మరి ఏదిరా?"

ఏసోబు గట్టు దిగాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఉత్తరం కొస వైపు పోలేదు. తిన్నగా మేమున్న గోనెపట్టా దగ్గరికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"లెగండి మేష్టారూ" అన్నాడు. "మీరు కూర్చుంది మా అమ్మ మీద."

నేను ఎలా లేచానో నాకు తెలియదు. మూడు రోజులుగా అక్కడ తిన్నాం, పడుకున్నాం, చేతులు కడుక్కున్నాం. పట్టా అవతల అడుగు దూరంలో కరీముల్లా వేసిన ఇంటూ గుర్తు తెల్లగా కనబడుతోంది. ఆయన దానివైపు చూసి, మెడలో డబ్బాలు తీసి కింద పెట్టేశాడు. ముఖం నల్లబడిపోయింది. 

"నీకు తెలుసా? తెలిసే మూడు రోజులు ఊరుకున్నావా?" అంది కాంతమ్మ. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"ఈడ తవ్వితే కడియాలు లేవని నీకు తెలిసిపోద్దిగా."

"ఏమైనయ్యి?"

"పూడ్చే ముందు నేనే తీశా. ఆకురాయితో కోసి తీశా."

"ఏం చేశావు వాటిని?"

"తిన్నాం" అన్నాడు ఏసోబు. "యుద్ధం రోజులు. జొన్నలు దొరకలా. నీకు జరం తగ్గింది, ఆకలి ఆకలని మంచం పట్టెలు కొరికేదానివి. నెల్లాళ్లు తిన్నాం ఇద్దరం. అమ్మని వట్టికాళ్లతో పంపానని నీకెట్టా చెప్పేదే? అడిగావు, అట్టానే పూడ్చామన్నా. అదే ఉండిపోయింది."

ఏటి మీదనుంచి గాలి వేస్తోంది. పట్టా టపటపా కొట్టుకుంటోంది. ఆమె అతన్ని కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా అడ్డం వెళ్లేవాణ్ణి కాదు. ఆమె నెమ్మదిగా నేలమీద కూర్చుంది. అరచేయి ఆ మట్టిమీద పెట్టింది.

"ఆకురాయితోనా" అంది.

"ఆఁ."

"కాలు గీరుకుపోయిందా?"

 

"లేదమ్మీ. కింద గుడ్డ పెట్టా. నెమ్మదిగా కోశా. ఒక్క చోట కూడా గీరుకోలా."

ఆమె తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, గట్టుమీద ఉన్న పలుగు తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

"అయితే నువ్వే తవ్వు" అంది. "కాళ్లు ఏ పక్కనున్నయ్యో నీకే తెలుసు."

ఏసోబు మోకాళ్లమీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాడు. నేను, కరీముల్లా గోనెపట్టా ఊడదీసి, దాని రెండు కొసలూ చెరొకరం పట్టుకుని, ఆ అన్నాచెల్లెళ్లకి నీడ పట్టి నిలబడ్డాం.